బిడ్డకు మందు పడలేదని ముందుగా ఎవరికి తెలుస్తుంది?

ఈ సంచికలో మా పిల్లల వార్డులో జరిగిన ఒక సంఘటనతో మొదలుపెడుతున్నాం. ఆ తల్లిని అడిగే రాస్తున్నాం. పేరు, ఊరు మాత్రం రాయడం లేదు.

నాలుగేళ్ళ బాబు నిమ్ము చేసి మా దగ్గర చేరాడు. రెండో రోజు రాత్రి రెండు గంటలకు పొట్ట గోక్కుంటూ లేచాడు. తల్లి సెల్‌ఫోను వెలుతురులో చూస్తే పొట్ట మీద నాలుగైదు దద్దుర్లు కనిపించాయి. దోమలు కుట్టాయేమో అనుకుంది. సిస్టరుకు చెబుదామని లేచింది. సిస్టరు అవతల ఇంకో పాపకు సెలైన్ ఎక్కిస్తోంది. "పాపం, తీరిక లేదు, తెల్లవారాక చెబుదాంలే" అనుకుని మళ్ళీ పడుకుంది. పొద్దున ఆరు గంటలకు మామూలుగా ఇవ్వవలసిన యాంటీబయాటిక్ ఇంజెక్షను ఇచ్చాం. పది నిమిషాలలో బాబు ముఖం ఉబ్బింది, పెదాలు లావయ్యాయి, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించాయి. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి తొడకు అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చి, ఆక్సిజన్ పెట్టారు. బాబు కోలుకున్నాడు. మందు మార్చాం. ఆరో రోజున నవ్వుతూ ఇంటికి వెళ్ళాడు.

తరువాత ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుని, "నేను రాత్రే చూశాను సిస్టరమ్మా. చెబితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను" అంది. తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. సూది వేసే ముందు "రాత్రి బాబు ఎలా ఉన్నాడు? ఒంటి మీద ఏమైనా వచ్చాయా?" అని మేమూ అడగలేదు. చొక్కా ఎత్తి చూడలేదు. ఆ నాలుగు గంటలలో ఆమెకు తెలిసిన సంగతి మాకు తెలిసి ఉంటే ఆ ఆరు గంటల సూది వేసేవాళ్ళం కాదు. ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు మందు వికటిస్తే దాన్ని ఎలా కనిపెట్టాలి, అందులో మీ పాత్ర ఏమిటి అని వివరంగా రాయాలని అప్పుడే అనుకున్నాం.

మందు వికటించడం అంటే ఏమిటి?

జబ్బు తగ్గించడానికి ఇచ్చిన మందు బిడ్డకు హాని చేస్తే మందు వికటించింది అంటాం. ఇది ఒకే రకం కాదు.

మొదటిది, మందు స్వభావం వల్ల వచ్చే ఇబ్బంది. కొన్ని యాంటీబయాటిక్‌లకు విరేచనాలు కావడం, మూర్ఛ మందుకు మగత రావడం ఇలాంటివి. రెండోది ఎలర్జీ. వందమందికి సరిపడిన మందు ఒక బిడ్డ ఒంటికి మాత్రం సరిపడదు. మన ఇళ్ళలో "మా వాడికి ఆ సూది పడదండి" అంటారే, అది ఎక్కువగా ఇదే. మూడోది మోతాదు ఎక్కువ కావడం. నాలుగోది, ఒక మందుకు ఇంకో మందు తోడై చేసే హాని.

ఇవన్నీ డాక్టరు పొరపాటు వల్లనే వస్తాయని అనుకోవద్దు. సరైన జబ్బుకు, సరైన మందు, సరైన మోతాదులో ఇచ్చినా వికటించవచ్చు. "టెస్ట్ డోస్ చేశారు కదా, మరి ఎందుకు ఇలా అయింది?" అని చాలామంది అడుగుతారు. చేతి మీద చేసే ఆ చిన్న పరీక్ష బాగానే ఉన్నా తరువాత రియాక్షన్ రాదని పూర్తి హామీ లేదు. అందుకే పరీక్ష చేసినా చూపు తిప్పకూడదు.

పిల్లల విషయంలో జాగ్రత్త ఎందుకు ఎక్కువ?

పిల్లవాడు చిన్న సైజు పెద్దమనిషి కాడు. పెద్దలకు ఒక మాత్ర అంటే ఒక మాత్రే. పిల్లలకు మాత్రం బరువును బట్టి లెక్క కట్టాలి. మూడు కిలోల పసిగుడ్డు, ముప్ఫై కిలోల పిల్లవాడు ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉంటారు. లెక్కలో ఒక చుక్క అటు ఇటు అయితే మోతాదు పదింతలు అవుతుంది. అమెరికాలో రెండు ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో పదివేలకు పైగా మందుల ఆర్డర్లు పరిశీలించిన ఫలితాలు 2001లో వచ్చాయి. పొరపాట్లు జరిగే రేటు పెద్దల వార్డుల్లో ఉన్నంతే ఉంది. కాని హాని చేయగల పొరపాట్లు మాత్రం పిల్లల్లో మూడు రెట్లు ఎక్కువ ఉన్నాయి.

రెండో కారణం, అప్పుడే పుట్టిన బిడ్డల కాలేయం, మూత్రపిండాలు ఇంకా పూర్తిగా పని నేర్చుకోకపోవడం. పెద్దల ఒంట్లో కొన్ని గంటల్లో బయటికి పోయే మందు వాళ్ళ ఒంట్లో పేరుకుపోతుంది. దీన్ని వైద్యులు బాధాకరమైన రీతిలో నేర్చుకున్నారు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఒకప్పుడు నెలలు నిండని శిశువులకు ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చేవారు. ఆ శిశువుల పొట్ట ఉబ్బేది, ఒళ్ళు బూడిద రంగుకు తిరిగేది, కొందరు చనిపోయేవారు. మందు ఇచ్చిన శిశువులను, ఇవ్వని శిశువులను పక్కపక్కన పెట్టి లాస్ ఏంజిలస్ వైద్యులు లెక్క చూశారు. మందు ఇచ్చినవారిలోనే మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1959లో బయటపెట్టారు. కాపాడుతుందని ఇచ్చిన మందే ప్రాణం తీసింది.

మూడో కారణం అందరికీ తెలిసిందే. పసిబిడ్డ చెప్పలేదు. "కళ్ళు తిరుగుతున్నాయి", "చెవిలో హోరు వినిపిస్తోంది", "ఛాతీ బిగిసింది" అని పెద్దవాళ్ళు చెబుతారు. బిడ్డ ఏడుస్తాడు, లేదా ఏడవడం మానేస్తాడు. ఆ రెండిటికీ అర్థం చెప్పగలిగింది ఎప్పుడూ పక్కన ఉండే మనిషే.

జబ్బు ముసుగులో దాగే రియాక్షన్

మందు వికటించడాన్ని కనిపెట్టడం ఎందుకు కష్టం? అది వేరే పేరు పెట్టుకుని వస్తుంది గనుక.

నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే మన ఇళ్ళలో "వేడి చేసింది" అంటాం, మజ్జిగ తాగిస్తాం. ఒంటి మీద ఎర్రగా వస్తే "తట్టు పోసింది" లేక "అమ్మవారు వచ్చింది" అంటాం. మెడ పక్కకు తిరిగి కళ్ళు పైకి పోతే "గాలి సోకింది" అంటాం. పాలు తాగక మత్తుగా పడుకుంటే "దిష్టి తగిలింది" అంటాం. ఆసుపత్రి వాళ్ళం మేమూ తక్కువ తినలేదు. మేము "జబ్బు ముదిరింది" అంటాం. ఈ మాటలన్నీ కొన్నిసార్లు నిజమే కావచ్చు. కాని ఒక్కోసారి అసలు కారణం ఆ మాటల వెనుక దాగి ఉంటుంది.

1922లో అమెరికాలో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు వైద్యులు ఇద్దరు పిల్లలను చూశారు. జ్వరం, ఒంటి నిండా మచ్చలు, నోరంతా పుండ్లు, కళ్ళు పుసులు కట్టి మూసుకుపోవడం. వాళ్ళు దాన్ని ఒక కొత్త రకం జ్వరంగా రాశారు. ఆ స్థితికి ఇప్పటికీ వాళ్ళ పేరే ఉంది. అది చాలాసార్లు మందుల వల్ల వస్తుందని తరువాత తెలిసింది. కొన్ని మూర్ఛ మందులు, సల్ఫా మందులు దీనికి ముఖ్య కారణాలు. పిల్లల్లో కొన్నిసార్లు ఇన్ఫెక్షన్ వల్ల కూడా వస్తుంది. చదువుకున్న వైద్యులకే మొదట కొత్త జ్వరంలా కనిపించినప్పుడు, ఇంట్లో దాన్ని వేడి అనుకోవడంలో వింత లేదు.

మెడ తిరగడం సంగతి కూడా చెప్పాలి. వాంతులు ఆగడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వంటి మందులు కొందరు పిల్లలకు పడవు. మెడ ఒక పక్కకు మెలితిరుగుతుంది, కళ్ళు పైకి పోతాయి, నాలుక బయటికి వస్తుంది. బిడ్డకు మాత్రం స్పృహ ఉంటుంది, భయంతో ఏడుస్తాడు. చూసినవారు ఫిట్స్ అనుకుంటారు, తాయెత్తు కట్టించడానికి పరుగెత్తుతారు. కారణం తెలిస్తే ఒక విరుగుడు ఇంజెక్షనుతో చాలావరకు కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది. ఆ కారణం తెలిసేది తల్లి సంచిలోని ఖాళీ మందు స్ట్రిప్ వల్లే.

ఆసుపత్రిలో మేము ఎలా వెతుకుతాం?

ఒకటి, మంచం దగ్గర చూపు. మందు ఇచ్చాక, ముఖ్యంగా మొదటి మోతాదు తరువాత, ఊపిరి, నాడి, చర్మం రంగు గమనిస్తాం. కొన్ని మందులు నెమ్మదిగా ఎక్కించాలి. ఉదాహరణకు వాంకోమైసిన్ త్వరగా ఎక్కిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయి దురద పుడుతుంది. అందుకే "ఇంకా ఎంతసేపమ్మా, కొంచెం స్పీడు పెంచండి" అని మీరు అడిగినా మేము పెంచం. దయచేసి మీరు కూడా సెలైన్ పైపు మీద ఉన్న చక్రం తిప్పవద్దు.

రెండు, రక్త పరీక్షలు. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు మూత్రపిండాలకు, వినికిడికి హాని చేయవచ్చు. అందుకని రోజుల తరబడి ఇవ్వవలసి వస్తే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తాం. టీబీ మందుల మీద ఉన్న బిడ్డకు వాంతులు, కామెర్లు కనిపిస్తే కాలేయ పరీక్ష చేయిస్తాం. "మొన్ననే రక్తం తీశారు కదా, మళ్ళీ ఎందుకు?" అని మీకు అనిపిస్తుంది. మొన్నటి అంకెకు, ఈనాటి అంకెకు మధ్య తేడాయే మాకు కావలసిన సమాచారం.

మూడు, కేస్ షీట్లలో అడుగుజాడలు వెతకడం. దొంగ కనబడకపోయినా పెరట్లో అడుగులు ఉంటాయి. అలాగే మందు వికటించిన చోట కేస్ షీట్‌లో కొన్ని ఆనవాళ్ళు మిగులుతాయి. ఒక మందు ఉన్నట్టుండి ఆపేశారు. దురదకు ఇంజెక్షను రాశారు. మత్తుమందు విరుగుడు ఇచ్చారు. క్రియాటినిన్ పెరిగింది. ఇలాంటి ఆనవాలు కనిపించిన చోట ఆగి, అసలు ఏం జరిగిందని లోతుగా చదువుతారు.

ఈ పద్ధతితో అమెరికాలోని 12 పిల్లల ఆసుపత్రుల్లో 960 మంది పిల్లల కేస్ షీట్లు చదివిన ఫలితాలు 2008లో వచ్చాయి. మందుల వల్ల 107 హానులు బయటపడ్డాయి. అంటే వందమంది పిల్లలకు సుమారు 11. వాటిలో నూటికి 97 స్వల్పమైనవి, తాత్కాలికమైనవి. ఇది ధైర్యం ఇచ్చే మాట. కాని అదే పరిశీలనలో ఇంకో మాట కూడా ఉంది. ఆ హానులలో ఆసుపత్రి సిబ్బంది అప్పటికే రిపోర్టు రాసినవి నూటికి 4 కూడా లేవు. మిగిలినవన్నీ జరిగాయి, సర్దుకున్నాయి, ఎవరి లెక్కలోకీ రాలేదు. ఐదింట ఒకటికి పైగా తప్పించదగినవేనని కూడా తేలింది. అన్ని వసతులున్న ఆసుపత్రుల్లోనే ఇలా ఉంటే, మాకు మీ కళ్ళ సాయం ఎంత అవసరమో ఆలోచించండి.

మీరు ఏమి గమనించాలి?

మందు ఇచ్చిన సమయం నుండి లెక్క వేసుకుంటే గుర్తుపెట్టుకోవడం సులువు.

నిమిషాల నుండి గంటలో: దద్దుర్లు, దురద, ముఖం గాని పెదాలు గాని ఉబ్బడం, గొంతు బొంగురు పోవడం, పిల్లికూతలు, ఆగకుండా వాంతులు, ఒళ్ళు చల్లబడి వాలిపోవడం. ఇది అత్యవసరం. సెలైన్ పైపు ద్వారా మందు వెళుతుంటే కేక వేసి సిస్టరును పిలవండి. బిడ్డను ఎత్తుకుని తిరగకండి, పడుకోబెట్టే ఉంచండి. ఆయాసపడుతుంటే మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

గంటల నుండి రోజుల్లో: పిలిచినా పలకనంత మగత, మెడ తిరగడం, కళ్ళు అటు ఇటు కొట్టుకోవడం, నడక తూలడం, విరేచనాలు ఎక్కువ కావడం, మలంలో రక్తం, చప్పుడుకు తిరిగి చూడకపోవడం, సూది పెట్టిన చోట వాపు, ఎరుపు.

రోజుల నుండి వారాల్లో: జ్వరంతో పాటు ఒంటిమీద ఎర్రమచ్చలు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం, చర్మం బొబ్బలెక్కడం, కళ్ళు పచ్చబడటం. కొత్తగా మూర్ఛ మందు మొదలుపెట్టిన మొదటి రెండు నెలలు ఈ గుర్తులు మరీ ముఖ్యం. అప్పటికి బిడ్డ ఇంటికి వెళ్ళి ఉంటాడు కాబట్టి చూడగలిగింది మీరే. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి రండి. తరువాతి మోతాదు ఇవ్వాలో వద్దో డాక్టరును అడిగాకే నిర్ణయించండి.

మూత్రం సంగతి వేరుగా చెబుతున్నాం. మూత్రం బాగా తగ్గిపోవడం ఎప్పుడూ చెప్పవలసిన విషయమే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలకు మూత్రం ఆగిపోయి, మూత్రపిండాలు చెడి పలువురు చనిపోయారు. ఆ సిరప్‌లో విషపదార్థం కలిసిందని పరీక్షల్లో తేలింది. అది మందు కల్తీ సంగతి, మనం చెప్పుకుంటున్నదానికి కొంచెం వేరు. కాని కనిపెట్టే దారి ఒకటే: ఏ మందు తాగాక, ఎప్పటి నుండి మూత్రం తగ్గింది? రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ సంవత్సరమే సూచించింది. ఇంకో సంగతి. మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చిన బిడ్డకు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చి ఒళ్ళు పాలిపోతే, రక్తకణాలు పగిలిపోతున్నాయేమో చూడాలి. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉన్న పిల్లలకు, ఎక్కువగా మగపిల్లలకు, ఇలా అవుతుంది. మలేరియా ఎక్కువగా ఉండే మన ఏజెన్సీ ప్రాంతాల నుండి వచ్చే తల్లులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

భయపడనక్కరలేనివి

అన్నీ రియాక్షన్లు కావు. ఐరన్ సిరప్ తాగితే మలం నల్లగా వస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ఆయాసానికి మిషన్ ద్వారా సాల్బుటమాల్ పీల్చిస్తే కాసేపు చేతులు వణుకుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇవి మందు గుణాలే. మూత్రం ఎర్రగా వచ్చిందని టీబీ మందు మానిపించిన తల్లిదండ్రులను మేము చూశాం. అలా మానితే జబ్బు మొండికేస్తుంది. అనుమానం వస్తే మందు మీ అంతట మీరు ఆపకండి. ముందు అడగండి.

ఒక చిన్న నోటు పుస్తకం

మందుకు, మార్పుకు సంబంధం ఉందో లేదో తేల్చడానికి డాక్టరు వేసుకునే ప్రశ్నలు పెద్ద రహస్యం కాదు. మందు ముందు వచ్చిందా, మార్పు ముందు వచ్చిందా? మందు ఆపాక మార్పు తగ్గిందా? జబ్బు వల్లగాని, ఇంకేదైనా కారణం వల్లగాని వచ్చే అవకాశం ఉందా? ఇంతకు ముందు ఇదే మందుకు ఇలాగే అయిందా?

ఇందులో మందు ఇచ్చిన సమయం మా కేస్ షీట్‌లో ఉంటుంది. మార్పు మొదలైన సమయం చాలాసార్లు మీకు మాత్రమే తెలుసు. ఆ రెండు సమయాలు ఒకచోట చేరితేనే సంగతి తేలుతుంది. కాబట్టి పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి మంచం దగ్గర పెట్టుకోండి. చదువు రాకపోతే పక్క మంచం వాళ్ళ చేత రాయించుకోండి. "మంగళవారం, రాత్రి 2 గంటలు, పొట్ట మీద దద్దుర్లు, గోక్కున్నాడు." ఇంత చాలు. సెల్‌ఫోను ఉంటే ఫొటో తీయండి. దద్దుర్లు డాక్టరు రౌండుకు వచ్చేసరికి మాయమవుతాయి. ఫొటో మాత్రం ఉంటుంది, టైము కూడా చెబుతుంది.

ఒక మాట మాత్రం మరవకండి. "మళ్ళీ ఒకసారి వేసి చూద్దాం, అప్పుడు తెలుస్తుంది" అని ఇంట్లో ఎప్పుడూ పరీక్షించవద్దు. రెండోసారి రియాక్షన్ మొదటిదానికన్నా తీవ్రంగా ఉండవచ్చు.

చేరేటప్పుడు మాకు చెప్పవలసినవి

1. ఆసుపత్రికి రాకముందు ఎవరు ఏ మందు ఇచ్చినా చెప్పండి. ఊళ్ళో ఆర్.ఎం.పి. వేసిన సూది, మందుల షాపులో అడిగి కొన్న మాత్ర, పసరు మందు, అన్నీ. మేము కోప్పడం. ఖాళీ సీసాలు, స్ట్రిప్‌లు ఒక కవరులో వేసి తీసుకురండి.

2. వార్డులో ఉన్నప్పుడు ఇంటి నుండి తెచ్చిన మందు చెప్పకుండా ఇవ్వకండి. కాల్‌పాల్, క్రోసిన్, డోలో పేర్లు వేరు కాని లోపల ఉన్నది పారాసిటమాలే. మేము ఒకటి, మీరు ఒకటి ఇస్తే మోతాదు రెట్టింపు అవుతుంది.

3. చుక్కల మందుకు, సిరప్‌కు తేడా చూసుకోండి. పారాసిటమాల్ చుక్కల మందులో 1 మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు సుమారు 120 మాత్రమే ఉంటుంది. పది కిలోల బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు చాలు. చుక్కల మందును సిరప్ అనుకుని ఒక చెంచా నిండా పోస్తే 500 అవుతుంది.

4. పెద్దలకు వాడిన మాత్రలు విరిచి పిల్లలకు ఇవ్వకండి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వడం వల్ల కొందరు పిల్లల్లో కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ వస్తుందని 1980ల్లో తెలిసింది. తల్లిదండ్రులను హెచ్చరించాక అమెరికాలో ఆ జబ్బు దాదాపు మాయమైంది. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు మన దేశంలో 2011లో నిషేధించారు.

5. ఇంతకు ముందు ఏ మందైనా పడకపోతే దాని పేరు చెప్పండి. "ఏదో ఎర్ర మాత్ర" అంటే మాకు తెలియదు. రియాక్షన్ వచ్చిన మందు పేరు, ఏమైంది, ఎప్పుడైంది అనే మూడు సంగతులు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని రేషన్ కార్డులాగా భద్రపరచండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు అది చూపించండి. అలాగని ప్రతి విరేచనానికి, ప్రతి మచ్చకు "పడదు" అనే ముద్ర వేయకూడదు. వైరస్ జ్వరంలో వచ్చే మచ్చలు కూడా మందు మచ్చల్లాగే ఉంటాయి. తప్పు ముద్ర పడితే మంచి మందు జీవితాంతం దూరమవుతుంది. తేల్చవలసింది డాక్టరు.

అడగడానికి జంకవద్దు

2001లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జోసీ కింగ్ అనే 18 నెలల పాప వేడినీళ్ళు పడి కాలడంతో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరింది. ప్రపంచంలో పేరున్న ఆసుపత్రి. కాలిన గాయాలు మానుతున్నాయి. ఇంటికి పంపించే రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు పాప విపరీతమైన దాహంతో తడిబట్ట చప్పరించడం తల్లి చూసింది. పాపలో ఏదో తేడా ఉందని చెప్పింది. బాగానే ఉంది అన్నారు. ఒంట్లో నీరు తగ్గి నీరసించిన ఆ పాపకు ఆ తరువాత మెథడోన్ అనే మత్తుమందు ఇచ్చారు. గుండె ఆగింది. 2001 ఫిబ్రవరి 22న పాప చనిపోయింది. ఆసుపత్రి బాధ్యత ఒప్పుకుంది. తల్లి సోరెల్ కింగ్ ఆ దుఃఖంలోనే పిల్లల భద్రత కోసం ఒక సంస్థ మొదలుపెట్టింది. 2005లో పిట్స్‌బర్గ్ నగరంలోని ఒక ఆసుపత్రిలో ఆమె సాయంతో కొత్త ఏర్పాటు వచ్చింది. రోగి బంధువులే ఫోను చేసి అత్యవసర వైద్య బృందాన్ని మంచం దగ్గరకు పిలిపించుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు.

మా చిన్న ఆసుపత్రిలో అంత ఏర్పాటు లేకపోవచ్చు. కాని ఒక మాట ఇవ్వగలం. మీరు పిలిస్తే విసుక్కోం. విసుక్కున్నా మళ్ళీ పిలవండి. "సిస్టరమ్మా, ఈ మందు ఇచ్చాక బాబు తేడాగా ఉన్నాడు, ఒకసారి చూడండి" అని అడగడం మర్యాద తప్పడం కాదు. "ఇప్పుడు ఇచ్చే మందు పేరేమిటి? దేనికి?" అని అడగడం అనుమానించడం కాదు. పదిసార్లు పిలిచి తొమ్మిదిసార్లు ఏమీ లేదని తేలినా మాకు నష్టం లేదు.

రిపోర్టు చేయడం ఎందుకు?

మీ బిడ్డకు జరిగింది ఇంకో బిడ్డకు జరగకుండా ఉండాలంటే అది లెక్కలోకి ఎక్కాలి. మన దేశంలో ఇందుకోసం 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. డాక్టర్లు, నర్సులే కాదు, తల్లిదండ్రులు కూడా నేరుగా చెప్పవచ్చు. దీనికి తెలుగులో కూడా ఫారం ఉంది. పనిదినాల్లో 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఎవరినీ శిక్షించడానికి కాదు ఇది. ఏ మందు ఎక్కడ ఎవరికి వికటిస్తోందో తెలుసుకోవడానికి. రాయడం రాకపోతే మా సిస్టర్లను అడగండి, దగ్గరుండి రాసిపెడతారు.

చివరగా, ఆ బాబు సంగతి. ఆరు నెలల తరువాత కాలికి దెబ్బ తగిలి మళ్ళీ వచ్చాడు. ఓ.పి.లో కూర్చోగానే తల్లి సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టిన డిశ్చార్జి కాగితం తీసి డాక్టరు ముందు పెట్టింది. "ముందు ఇది చదవండి సార్, తరువాత మందు రాయండి" అంది. ఈసారి ఆమె గొంతులో జంకు లేదు. ఇప్పుడు మా వార్డులో ప్రతి ఇంజెక్షనుకు ముందు సిస్టర్లు ఒక ప్రశ్న అడుగుతున్నారు: "పోయినసారి మందు ఇచ్చాక బిడ్డలో ఏమైనా తేడా కనిపించిందా అమ్మా?" ఆ ప్రశ్న మాకు నేర్పింది ఆమే. సిస్టరు అడిగినప్పుడు ఆలోచించి జవాబు చెప్పండి. అడగడం మరచిపోతే మీరే గుర్తుచేయండి.